ముడుపును ఇంగ్లీషులో ఏమంటారు?

రండి, కూర్చోండి. బయట వాన పట్టుకుంది, ఇప్పట్లో వదిలేలా లేదు. కార్తీకంలో తిరుపతి ఇంతే. బంగాళాఖాతంలో ఎక్కడో వాయుగుండం పుడుతుంది, ఇక్కడ కొండ కొండంతా మబ్బులో మునుగుతుంది, కపిలతీర్థంలో నీళ్ళు దూకే హోరు మా వీధి దాకా వినిపిస్తుంది. చెనక్కాయలు ఉడకబెట్టి జల్లెడలో పోశాను, వేడి మీదే వొలుచుకు తినండి. ఈ పూట మీతో ఒక మాట గురించి మాట్లాడాలని ఉంది. ఒక్క మాటే. కాకపోతే దాని కోసం మదనపల్లె దాకా పోయి రావాలి, కాస్త ఓపిక పట్టండి.

మొన్న ఇలాంటి వానలోనే మా పక్కింటి పిల్ల లాప్‌టాప్‌ను చున్నీలో చుట్టుకుని వచ్చింది. బెంగళూరులో ఉద్యోగం. వాళ్ళ అవ్వ పోయి అప్పటికి ఆరు రోజులు. "పెద్దమ్మా, ఇంగ్లీషులో రెండు జాబులు రాయాల. ఒకటి ఆఫీసుకు. ఇంకోటి అమెరికాలో ఉండే మా చిన్నాయన పిల్లోళ్ళకు, వాళ్ళకు తెలుగు చదివేదానికి రాదు. రెండూ రాసినా. రెండూ నాకే నచ్చలేదు" అనింది. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పినదాన్ని కాబట్టి వీధిలో ఎవరికి ఏ జాబు కావాలన్నా మా గడప తొక్కుతారు. నాకూ అది ఇష్టమే.

ఆఫీసు జాబు ముందు చూశాం. రెండే వాక్యాలు. మై గ్రాండ్‌మదర్ ఎక్స్‌పైర్డ్. ఐ హావ్ టు అటెండ్ హర్ లాస్ట్ రైట్స్. వ్యాకరణం చూస్తే వంక పెట్టడానికేమీ లేదు. మన ఇంగ్లీషు పేపర్లలో రోజూ కనిపించే మాటలే. అయినా ఆ పిల్లకు ఎక్కడో గుచ్చుకుంది, అందుకే వానలో వచ్చింది. ఆ గుచ్చుకోవడమే భాష తెలిసినవాళ్ళకుండే గుణం.

ఎక్స్‌పైర్ అంటే లాటిన్ మూలంలో ఊపిరి వదలడం. ఒకప్పుడు గౌరవమైన మాటే. కానీ ఇప్పుడు ఆ మాట మందుల పట్టీ మీద ఉంటుంది, పాస్‌పోర్టు మీద ఉంటుంది, పాలపొడి డబ్బా అడుగున ఉంటుంది. గడువు తీరిన వస్తువుల సరసన అవ్వను నిలబెట్టలేం కదా. "మరి డైడ్ అంటే మొరటుగా లేదా?" అనింది. ఇక్కడే మనవాళ్ళు చాలామంది పొరబడతారు. డైడ్ అనే మాట వినగానే మన చెవికి 'చచ్చింది' అని వినిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళ చెవికి అది 'చనిపోయింది'. మర్యాద తక్కువేమీ లేదు, నిండుగా, నేరుగా ఉంటుంది. తెలుగులో చూడండి, కాలం చేశారంటాం, పరమపదించారంటాం, శివైక్యం చెందారంటాం, కన్నుమూశారంటాం. ఎవరి గురించి, ఎవరి ముందు అంటున్నామో చూసి మాట తీస్తాం. ఆ పిల్ల ఇంట్లో మాత్రం "అవ్వ పోయింది" అనుకున్నారు. ఆ ఇంటి మాటకు ఇంగ్లీషు ఇంటి మాట డైడ్.

ఇక లాస్ట్ రైట్స్. అంత్యక్రియలకు మనం వాడుతున్నాం. క్రైస్తవ దేశాల్లో దానికి అసలర్థం వేరు. మనిషి ఇంకా ప్రాణంతో, మరణశయ్య మీద ఉన్నప్పుడు పాదిరి వచ్చి చేసే ప్రార్థనలవి. ఆ పిల్ల పై అధికారి విదేశాల్లో ఉంటాడట. ఒక వాక్యంలో అవ్వ పోయిందని, మరో వాక్యంలో కొన ఊపిరితో ఉందని చదువుకుంటే అతనికి ఏం అర్థమవుతుంది? పైగా దహనం ఎప్పుడో అయిపోయింది, ఈ పిల్ల సెలవు అడుగుతున్నది పదకొండో రోజుకు. ఉన్నది ఉన్నట్టు 'ఎలెవెన్త్ డే సెరిమనీ' అని రాయించాను. పదకొండో రోజు అనే మాట చాలు, తెలియనివాళ్ళు అడిగి తెలుసుకుంటారు.

ఆ జాబు పది నిమిషాల్లో అయిపోయింది. రెండో జాబుకు రాత్రి తొమ్మిదయింది.

సంగతేమిటంటే, అవ్వ ట్రంకుపెట్టె తీసి చూస్తే అడుగున పట్టుచీర మడతలో ఒక ముడుపు దొరికింది. పసుపులో ముంచి ఆరబెట్టిన గుడ్డముక్క. ఏళ్ళు గడిచి మామిడిపండు తొక్క రంగుకు తిరిగింది. మూడు ముళ్ళు. లోపల రూపాయి బిళ్ళ గుండ్రంగా వేలికి తగులుతోంది. ఆ పిల్లకు మూడో ఏట జ్వరం తగిలి మనిషి దక్కదన్నప్పుడు అవ్వ స్వామికి మొక్కుకుని కట్టిన ముడుపట. బిడ్డ బతికింది. బిడ్డను చేయి పట్టుకుని అలిపిరి మెట్లెక్కించి ముడుపు చెల్లిస్తానని మొక్కు. బడి, ట్యూషన్లు, ఇంజనీరింగు, బెంగళూరు. "ఈసారి సెలవుకు నువ్వొస్తే పోదాం" అని అవ్వ అంటూనే ఉంది. ఇరవై రెండేళ్ళు ఆ మూట పెట్టెలోనే ఉంది.

ఈ కథ చిన్నాయన పిల్లలకు చెప్పాలి. ఫోన్‌లో ముడుపు అని కొట్టి ఇంగ్లీషు అడిగితే వచ్చిన జవాబు బ్రైబ్. లంచం. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ యంత్రం తప్పు చెప్పలేదు. కాంట్రాక్టుల్లో ముడుపులు అని మన పేపర్లు ఏళ్ళ తరబడి రాస్తున్నవే అది చదువుకుంది. తప్పు మనం అడిగిన తీరులో ఉంది. నా అనుభవంలో, ఇంగ్లీషు వాక్యంలో మాట కుదరలేదని వచ్చే పదిమందిలో తొమ్మిదిమందికి ఇంగ్లీషు రాకపోవడం కాదు ఇబ్బంది. చేతిలో ఉన్న తెలుగు మాటను విప్పి చూడకుండానే దానికి జోడీ వెతకబోతారు. విప్పి చూస్తే, లోపల ఎవరు ఎవరికి ఏం చేస్తున్నారో కనిపిస్తుంది. అది కనిపించాక ఇంగ్లీషు మాట తనంతట తాను దగ్గరికొస్తుంది.

తిరుపతివాళ్ళం కాబట్టి తలనీలాలు చూడండి. కళ్యాణకట్ట దగ్గర ఇంగ్లీషులో టాన్షర్ అని ఉంటుంది. లాటిన్‌లో కత్తిరించడమని అర్థం. యూరప్‌లో క్రైస్తవ సన్యాసులు నడినెత్తిన గొరిగించుకుని చుట్టూ వలయంలా జుట్టు ఉంచుకునేవాళ్ళు, దానికి పుట్టిన మాట అది. బోర్డు మీద ఒక్క మాట కావాలి కనుక అది చాలు, నేను తప్పు పట్టను. కానీ మీరు మీ స్నేహితురాలికి జాబు రాస్తూ ఆ మాట వాడితే, ఆమెకు కత్తెర కనిపిస్తుంది, మొక్కు కనిపించదు. మన పిల్లలు ఇంకో అడుగు ముందుకేసి 'ఐ బికేమ్ బాల్డ్' అంటారు. అది జుట్టు దానంతట రాలిపోయిన బట్టతల. తెలుగు మాటను విప్పి చూడండి. తలనీలాలు 'ఇస్తాం', 'సమర్పిస్తాం'. ఆ మాటకు ప్రాణమంతా ఇవ్వడంలో ఉంది. అందుకే 'ఐ గేవ్ మై హెయిర్ ఎట్ తిరుమల' అంటే చాలు. ఎల్‌కేజీ పిల్లకు తెలిసిన మాటలే అవన్నీ. చదివినవాళ్ళు ఒక్క క్షణం ఆగి, ఎవరికిచ్చావని అడుగుతారు. జాబుకు కావలసింది అదే కదా.

ఇప్పుడు మదనపల్లె పోదాం. ఇక్కడినుంచి మూడు గంటల బస్సు ప్రయాణం, పాత చిత్తూరు జిల్లా ఊరే. ఇవాళ ఆ పేరంటే టమోటా మార్కెట్టు గుర్తొస్తుంది. నాకు మాత్రం 1919 ఫిబ్రవరి గుర్తొస్తుంది. అనీబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ అక్కడుంది. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్, ఐర్లండు కవి. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్న మనిషి, తర్వాత మన దేశంలో మహిళా ఉద్యమాలకు ముందు నిలిచింది కూడా. దక్షిణాదిలో తిరుగుతున్న రవీంద్రనాథ్ ఠాగూరు వాళ్ళ పిలుపు మీద వచ్చి ఆ ఊళ్ళో కొన్నాళ్ళు ఉన్నాడు. ఒక సాయంత్రం విద్యార్థుల ముందు జనగణమన మెల్లగా పాడాడు. అది పుట్టి అప్పటికి ఏడేళ్ళు దాటింది, 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసులో మొదట పాడారు. మదనపల్లె పిల్లలు గొంతు కలిపారు. మార్గరెట్ ఆ పిల్లల సాయంతో స్వరం రాసుకుంది. ఆ రోజుల్లోనే కవి పాటను తానే ఇంగ్లీషు చేసి, మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా అని పేరుపెట్టి, ఫిబ్రవరి 28 తేదీ వేసి సంతకం పెట్టాడు.

ఎంత చిత్రమో చూడండి. బెంగాలీ కవి, ఐర్లండు దంపతులు, చుట్టూ తెలుగు పిల్లలు, మధ్యలో ఇంగ్లీషు. ఇంగ్లండులో పుట్టినవాళ్ళ కథ కాదిది. ఇంకో సంగతి చెబుతాను. ఈ ఠాగూరే 1913లో, నోబెల్ బహుమతి రాబోతున్న ఏడాదిలో, తన అన్న కూతురికి రాసిన ఉత్తరంలో తనకు ఇంగ్లీషు రాయడం రాదని చెప్పుకున్నాడు. ఎవరైనా టీకి రమ్మని ఇంగ్లీషులో చీటీ పంపితే జవాబు రాయడానికే ధైర్యం చాలదని. నా క్లాసులో చివరి బెంచీ పిల్లలకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అంత భయమున్న మనిషి 'భాగ్యవిధాత' అనే మాట ముందు కూర్చున్నప్పుడు ఏం చేశాడో చూడాలి.

విధాత అంటే మనకు బ్రహ్మ. నుదుటి రాత రాసేవాడు. మన ఇళ్ళలో ఏ కష్టం వచ్చినా "తలరాత" అంటాం కాబట్టి, నన్నడిగితే ఇంగ్లీషులో రైటర్ అనేదాన్నేమో. పండితుడినడిగితే క్రియేటర్ అనేవాడు. ఠాగూరు డిస్పెన్సర్ అన్నాడు. డిస్పెన్సర్ ఆఫ్ డెస్టినీ. మొదటిసారి చదివినప్పుడు నాకు మింగుడు పడలేదు. డిస్పెన్సరీ అంటే ధర్మాసుపత్రి, సీసాలో గులాబీ రంగు మందు పోసి, పక్కన కాగితం అంటించి ఇచ్చే కాంపౌండరు. ఇవాళ్టి పిల్లలకైతే హోటల్లో చేతులు కడుక్కునే సబ్బునీళ్ళ డబ్బా. ఆ మాట జాతీయగీతంలోకి ఎట్లా వచ్చింది?

తర్వాత ఒకరోజు నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను. సంస్కృతంలో 'ధా' అంటే పెట్టడం. ముందు 'వి' చేరితే విడివిడిగా పెట్టడం, పంచడం, ఏర్పాటు చేయడం. విధాత పంచిపెట్టేవాడు. భాగ్యంలో ఉన్నదేమిటి? భాగం. ఎవరి వంతు వాళ్ళకు. ఇప్పుడు ఇంగ్లీషు వైపు చూడండి. డిస్పెన్స్ అంటే లాటిన్ మూలంలో తూచి పంచడం. ఆ కాంపౌండరు చేసిందీ అదే, రోగికి తగినంత కొలిచి ఇవ్వడం. పెళ్ళి పంక్తిలో ఆకు ఆకుకూ వంగి, ఎవరికెంత కావాలో చూసి వడ్డించే పెద్దాయన నాకు కళ్ళముందు కదిలాడు. భారతదేశమనే పంక్తికి వడ్డించేవాడు. క్రియేటర్ అనుంటే ఈ బొమ్మ పోయేది. ఫేట్ అనుంటే దయ పోయేది. టీ చీటీకి జవాబు రాయలేనన్న మనిషి తన మాటను అడుగంటా విప్పి చూసినవాడు కాబట్టి, సరిగ్గా అదే చేసే మాటను పరాయి భాషలోంచి ఏరుకున్నాడు. ఆయన ధాతువు చూసే ఆ మాట ఏరాడో, చెవి చెప్పి ఏరాడో, మాట మాత్రం తక్కెడలో సమానంగా తూగింది.

అన్ని మాటలూ అట్లా కుదరవు. 'అధినాయక' దగ్గర రూలర్ అన్నాడు. అది నాకు ఇప్పటికీ కొరతే. నాయకుడు ముందు నడిచి తోడుకుపోయేవాడు, రూలర్ ఏలేవాడు. ఆ పాట ఐదో జార్జి చక్రవర్తి గురించి రాసిందన్న అపవాదు ఒకటి ఉంది, 1937లో ఆయన గట్టిగా ఖండించాడు కూడా. రూలర్ అనే మాట ఆ అపవాదుకు ఊతమిస్తుంది. కాకపోతే ఆ ఏలిక దేని మీదో చెబుతూ మనసులు అనే మాటను పక్కనే పెట్టాడు. మనసులను ఏ చక్రవర్తీ ఏలలేడు. ఒక మాటలో ఉన్న లోటును పక్క మాటతో పూడ్చడం అంటే ఇదే. కొత్తగా రాసేవాళ్ళు నేర్చుకోవలసింది ఇక్కడ చాలా ఉంది. ఇక మార్నింగ్ సాంగ్ అన్న పేరంటారా, తెల్లవారకముందే సుప్రభాతం వినే ఊరివాళ్ళం మనం. సుప్రభాతాన్ని విరిచి ఇంగ్లీషు చేస్తే గుడ్ మార్నింగ్ అవుతుంది. ఎవరైనా అట్లా అంటే ఒప్పుకుంటామా? ఠాగూరు సాంగ్ అన్న మాట చేర్చి దాన్ని మేలుకొలుపు చేశాడు.

మన చిత్తూరు పక్కన కట్టమంచి ఉంది. రామలింగారెడ్డిగారు అక్కడివారే. కేంబ్రిడ్జి యూనియన్‌కు ఉపాధ్యక్షుడయ్యేంత ఇంగ్లీషు ఉపన్యాసకుడు. ఆయనే విద్యార్థిగా ఉండగా ముసలమ్మ మరణం అనే తెలుగు కావ్యం రాశారు. రెండు పడవల మీద కాళ్ళని భయపెట్టేవాళ్ళకు నేను ఆయన పేరు చెబుతాను. ఒక పడవ గట్టిగా కట్టి ఉంటేనే రెండో పడవ ఎక్కడం సులువు.

నవలా రచయిత కేశవరెడ్డి కూడా పాత చిత్తూరు జిల్లా వాడే. 'అతడు అడవిని జయించాడు' చదివారా? తప్పిపోయిన సుక్కపందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు రాత్రంతా అడవిలో తిరిగే కథ. ఇంగ్లీషులో దాని పేరు హి కాంకర్డ్ ద జంగిల్. ఫారెస్ట్ అనొచ్చు కదా, జంగిల్ అంటే ఏనుగులు తిరిగే చిమ్మచీకటి కదా అని నాకు మొదట అనిపించింది. తర్వాత తెలిసింది, జంగిల్ మన మాటే, సంస్కృత 'జాంగలం' నుంచి హిందీ మీదుగా ఇంగ్లీషుకు పోయింది. ఆయుర్వేదంలో జాంగల దేశమంటే నీళ్ళు తక్కువై, అక్కడక్కడా పొదలూ ముళ్ళచెట్లూ ఉండే పొడి నేల. చిత్తూరు అడవి అచ్చంగా అట్లాంటిది. చిట్టీత, బలుసు, రేగు, తుమ్మ. ప్రపంచమంతా తిరిగి అర్థం మార్చుకున్న మాట, ఆ పుస్తకం అట్ట మీద సొంత ఊరికి వచ్చి కూర్చుంది.

సరే, మన పిల్ల దగ్గరికి వద్దాం. ఈ కబుర్లన్నీ చెప్పాక తన జాబు మళ్ళీ చదివింది. మొదటి వాక్యం, అవ్వ గాడ్ ఫియరింగ్ లేడీ అని. "మీ అవ్వ దేవుడికి భయపడేదా?" అన్నాను. "ఎక్కడ పెద్దమ్మా! పటం ముందర నిలబడి కొట్లాడేది. వడ్డికాసులు సరిగ్గా లెక్కబెట్టుకుంటావు, నా మనవరాలి సంగతి పట్టించుకోవా అని నిలదీసేది" అనింది. అయితే అదే రాయమన్నాను. షీ యూజ్డ్ టు క్వారల్ విత్ హర్ గాడ్. తెలుగులో భయభక్తులు జంటగా తిరుగుతాయి, భక్తి లేని ఒంటి భయాన్ని ఇంగ్లీషులో తగిలించి అవ్వను చిన్నబుచ్చడం ఎందుకు?

ఆ తర్వాత ముడుపు. మాటను విప్పమన్నాను. "ముడి" అనింది వెంటనే. వేళ్ళతో గాలిలో ముడి వేసి చూపించింది కూడా. ముడి వేసింది ఎవరు? అవ్వ. ఎందులో? పసుపు గుడ్డలో. దేన్ని? రూపాయిని. ఎందుకు? మాట ఇచ్చింది కాబట్టి, ఆ మాట తీరేదాకా ముడి విప్పకూడదు కాబట్టి. ఉత్సాహంగా 'షీ టైడ్ ది నాట్ ఫర్ మీ' అని కొట్టింది. ఆపాను. ఇంగ్లీషులో అట్లా అంటే పెళ్ళి చేసుకోవడం, మన మూడు ముళ్ళే. అవ్వకు మళ్ళీ పెళ్ళయిందా అని అమెరికా పిల్లలు బిత్తరపోతారు. నానుడి ఎప్పుడూ ఇట్లాగే, మామూలు మాటల వేషంలో దారి కాచి కూర్చుంటుంది. ఆ పిల్ల ఆరు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. వాన హోరులో ఆ నవ్వు ఎంత బాగుందో.

చివరికి అది రాసిన వాక్యం ఇది. వెన్ ఐ వాజ్ త్రీ అండ్ వెరీ ఇల్, అవ్వ టైడ్ ఎ రూపీ కాయిన్ ఇన్ ఎ ఎల్లో క్లాత్, ప్రామిస్డ్ ఇట్ టు ది గాడ్ ఆన్ ది హిల్, అండ్ వెయిటెడ్ ట్వెంటీ టు ఇయర్స్ ఫర్ మీ టు వాక్ అప్ విత్ హర్. గ్రాండ్‌మదర్ తీసేసి అవ్వను అవ్వగానే ఉంచింది, అది నేను చెప్పలేదు. ముడుపు అనే మాట కూడా తర్వాతి వాక్యంలో అట్లాగే పెట్టింది. కొండ మీది దేవుడన్నది నాకు మరీ నచ్చింది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ అన్నమయ్య పదాలను ఇంగ్లీషు చేసి 2005లో అచ్చు వేసిన పుస్తకానికి కూడా అదే పేరు, గాడ్ ఆన్ ది హిల్. మా ఊళ్ళో కొండంటే ఒకటే కొండ. దానికి పేరు చెప్పనక్కర్లేదు.

జాబు పంపబోతూ ఆగింది. ముడుపు ఇప్పుడు ఏమవుతుందని పిల్లలు అడుగుతారు కదా. కొండకు తీసుకుపోయి, ముడి విప్పకుండా, తెల్లగుడ్డ చుట్టిన హుండీ కొప్పెరలో వేయాలి. కానీ ఇంట్లో మనిషి పోయిన ఏడాది దాకా వాళ్ళు కొండెక్కరు. వచ్చే ఏడు మీరూ రండి, అందరం కలిసి మెట్లెక్కుదామని రాయాలనుకుంది.

"పెద్దమ్మా, ఏటిసూతకం అని ఎట్ల రాయాల?" అనింది.

నేను లేచి ఇంకో దోసెడు చెనక్కాయలు జల్లెడలో పోశాను.